కాప్టెన్ పాటలో రెండో మనిషి

ఆగస్టు పదమూడు పొద్దున్నే పలియోస్కాలా రేవులో లాంబిస్ శవం తేలింది.

మొదట చూసింది వలలు దులుపుకుంటున్న బెస్తవాళ్ళు. ఫానారి నైట్‌క్లబ్బులో లైట్లు వేసే మనిషని గుర్తుపట్టి ఒడ్డుకు లాగారు. పోలీసు సార్జెంటు వంగి వాసన చూశాడు.

"ఊజో. పీకలదాకా తాగి మెట్లమీంచి జారాడు. ఈ సీజన్‌లో ఇది మూడోది."

పై వీధిలో బార్లు అప్పుడే మూస్తున్నారు. చెప్పులు చేత పట్టుకుని దిగివస్తున్న టూరిస్టు పిల్ల ఒకతి నవ్వుతూ నవ్వుతూ శవాన్ని చూసి నిలబడిపోయింది.

గుంపు వెనక స్ట్రాటిస్ చేతిలో పూసలు తిప్పుతున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. ఈ ఊళ్ళోనే పుట్టి, తీగల వాయిద్యం బుజుకీ వాయించి బాగుపడదామని ఏథెన్స్ వెళ్ళి, అక్కడ నెగ్గలేక ఈ వేసవికి తిరిగొచ్చి ఫానారిలో వాయించుకుంటున్నాడని ఊరు అనుకుంటోంది. అనుకోనివ్వడమే అతని ఉద్యోగం.

లాంబిస్ తాగలేదని స్ట్రాటిస్‌కి తెలుసు. ఇద్దరిదీ ఒకే గది. ఒకటో తారీకు నుంచీ లాంబిస్ మరియమ్మ ఉపవాసంలో ఉన్నాడు. భార్యకి నెలలు నిండాయి, కాన్పు సుఖంగా జరిగితే చాలు, పండగ దాకా మందు చుక్క ముట్టనని మొక్కుకున్నాడు. రాత్రి కూడా ఉడికించిన చిక్కుడుగింజల మీద నిమ్మకాయ పిండుకు తిని, దణ్ణం పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాడు. చంపినవాళ్ళకి నోట్లో ఊజో పొయ్యడం తెలిసింది. ఆగస్టులో ఈ ఊళ్ళో ఉపవాసాలుంటాయన్న సంగతి తెలియలేదు.

అంటే వాళ్ళు ఈ ఊరివాళ్ళు కారు.

ఊరికి తెలియని సంగతి ఇంకొకటుంది. లాంబిస్ సీక్రెట్ ఏజెంటు. స్ట్రాటిస్ కూడా.

*

మధ్యాహ్నం ఎండలో పుచ్చకాయల లారీ ఒకటి మైకులో అరుచుకుంటూ రేవు వీధిలోకి వచ్చింది. డ్రైవరు బనియనుతో, మెడలో తువ్వాలుతో, నెల రోజుల గడ్డంతో ఉన్నాడు. స్ట్రాటిస్ వెళ్ళి ఒక కాయ మీద వేళ్ళతో కొట్టాడు.

"కోసి చూపిస్తావా?"

"కోశాక ఎర్రగా లేకపోతే ఊరికే తీసుకుపో."

"మా అమ్మకి తెల్లగింజలు పడవు."

"మీ అమ్మ ఇంకా బతికే ఉందా?"

కోడ్ సరిపోయింది. డ్రైవరు వేషంలో ఉన్న అతని పై అధికారి మేజర్ కలోమీరిస్ కత్తి తీసి కాయని ముక్కోణంగా కోస్తూ, పెదవులు కదలకుండా మాట్లాడాడు.

"లాంబిస్ ఏం కనిపెట్టాడు?"

"తెలీదు సర్. రాత్రి ఏదో చెప్పాలన్నాడు. షో అయ్యాక చెప్తానన్నాడు."

"విను. ఏథెన్స్ జైల్లో ముగ్గురున్నారు. సముద్రం అడుగున మన సైన్యం టెలిఫోన్ కేబుల్‌కి యంత్రం తగిలించి దొంగతనంగా వింటున్న ముఠా. పరాయి దేశం డబ్బు. ఆ రాత్రి వాళ్ళ పడవ దగ్గర దీపం వెలుగులో వాళ్ళ ముఖాలు చూసినవాడు ఈ భూమ్మీద ఒక్కడే."

"కాప్టెన్ పనాయిస్."

"ఆయనే. పదహారో తారీకు పొద్దున స్టీమరెక్కి వెళ్ళి జడ్జి ముందు చెప్పాలి. ఆయన నోరు తెరిస్తే ముగ్గురూ లోపల, వాళ్ళ వెనకున్న వల మొత్తం బయట. ఆయన ఈ మూడు రోజుల్లో చస్తే ముగ్గురూ టోపీలు పెట్టుకుని ఇళ్ళకి పోతారు. ఆయన్ని బతికించడమే నీ మిషన్. రుచి చూడు, తియ్యగా ఉంది."

స్ట్రాటిస్ ముక్క కొరికాడు. ఏ రుచీ తెలియలేదు.

కాప్టెన్ పనాయిస్ అతనికి సాక్షి కాదు. కుంబారోస్. స్ట్రాటిస్ కూతురు ఆంథికి జ్ఞానస్నానం చేయించి, తొట్టిలోంచి తడిబిడ్డని తన రెండు చేతుల్లోకీ అందుకున్నవాడు. ఆ బంధం కలిసిన ఇద్దరు మగవాళ్ళు రక్తం పంచుకున్న అన్నదమ్ముల కంటే దగ్గర. ఒకరి గుమ్మంలో ఒకరు పరువు తక్కువ పని చెయ్యరు.

"క్లబ్బులో యోటా ఉంది," అన్నాడు మేజర్. "రెండేళ్ళుగా మన మనిషి. స్టేజీ మీద పాడుతూ హాలంతా చూడగలదు. టేబుళ్ళ దగ్గర మనవాళ్ళిద్దరు టూరిస్టు వేషాల్లో ఉంటారు. ప్రమాదం కనిపిస్తే యోటా ఎర్ర కార్నేషన్ పువ్వు నేలమీద పడేస్తుంది. మనవాళ్ళు కదులుతారు. నీ పూసల్లో నల్లది నొక్కితే సిగ్నల్ నాకొస్తుంది. నీ బుజుకీ ఎలా ఉంది?"

"రేకు డబ్బాలా ఉంది సర్."

సర్వీసు వర్క్‌షాపువాళ్ళు ఆ బుజుకీ పొట్టలో ఉక్కురేకు అతికించి ఇచ్చారు, గుండు తగిలినా ఆగాలని. గుండు సంగతేమో గాని స్వరం పోయింది. ఏథెన్స్‌లో ఎందుకు నెగ్గలేకపోయాడో ఇప్పుడర్థమైందని ఊళ్ళో కుర్రకారు వేళాకోళం చేస్తున్నారు.

"వాయిద్యం జాగ్రత్త," అన్నాడు మేజర్. "స్టోర్స్‌లో నేను సంతకం పెట్టాను."

లారీ మళ్ళీ అరుస్తూ కదిలిపోయింది.

*

కాప్టెన్ ఇంటి ముందు తాడు మీద మూడు ఆక్టోపస్‌లు ఎండుతున్నాయి. కింద కుర్చీలో అరవై ఎనిమిదేళ్ళ కాప్టెన్ చొక్కా గుండీలు విప్పి, నెరిసిన రొమ్ము మీద గాలి తగలనిస్తున్నాడు. ఉత్తరపు గాలి నాలుగు రోజులుగా ఆగకుండా వీస్తోంది. ఆ సాయంత్రం ఉన్నట్టుండి పడిపోయింది. నీళ్ళు నూనెలా నిలిచాయి. ముసలివాళ్ళు అలాంటి నిశ్శబ్దాన్ని ఇష్టపడరు.

"రా కుంబారే," అన్నాడు కాప్టెన్. "ఆ రేకు డబ్బా తేలేదుగా? బతికించావు."

"కాప్టెన్, ఒక్క మాట. ఈ ఏడాది పండగ రాత్రి క్లబ్బుకి రాకపోతేనేం? పొద్దున్నే స్టీమరుంది. ఇంట్లో పడుకో."

కాప్టెన్ కుర్చీలో ముందుకు వంగాడు.

"ఒరేయ్ స్ట్రాటీ, నీకు తెలీదా? పదిహేనో తారీకు మరియమ్మ పండగ, ఆ తల్లి పేరు పెట్టుకున్న నాకు పేరు పండగ. ముప్పై ఏళ్ళుగా ఆ రాత్రి ఒక్క పాట పాడించుకుంటాను. ఒక్క జేబెకికో ఆడతాను. ఎందుకాడతానో ఎవర్నైనా అడుగు."

అడగక్కర్లేదు. జేబెకికో ఒక్క మనిషి ఆడే ఆట. పాట ఎవడు కోరుకుంటే నేల వాడిది. చప్పట్ల కోసం కాదు, మెప్పు కోసం కాదు, లోపలున్న దాన్ని మోసుకుని తిరగడానికి ఆడతాడు. మిగతావాళ్ళు చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని నెమ్మదిగా తాళం వేస్తారు. ఇంకొకడు ఆ నేలమీద కాలు పెడితే ఆడేవాడి ముఖాన ఉమ్మినట్టు. అందుకు కత్తులు లేచిన ఊళ్ళున్నాయి.

"నా తమ్ముడు సముద్రంలో ఉన్నాడు," అన్నాడు కాప్టెన్, గొంతు తగ్గించి. "వాడికి గొయ్యి లేదు, శిలువ లేదు, దీపం పెట్టడానికి చోటు లేదు. ఆ పాటలో 'నీళ్ళకి తలుపులుండవు' అనే చరణం దగ్గర మోకాలు వంచి నేలమీద చెయ్యేస్తాను. మూడు తాళాలు. అదే వాడి సమాధి. ఏడాదికి మూడు తాళాలు నా తమ్ముడికి ఇవ్వలేనా? ఎవడికి భయపడి?"

ఊరంతటికీ ఆ మూడు తాళాలూ తెలుసు. ఊరికి తెలిసింది ముఠాకి తెలియకుండా ఉంటుందా? ఎంతమంది జనం మధ్య ఉన్నా, ఆ మూడు తాళాల సేపు కాప్టెన్ నేల నడుమ ఒంటరిగా, వంగి, కదలకుండా ఉంటాడు. ఎవరూ దగ్గరికి రారు. రాకూడదు.

వేటగాడు ఇంతకన్నా ఏం కోరుకుంటాడు?

*

లాంబిస్ చోటులో కొత్త లైట్ల మనిషి పద్నాలుగునే వచ్చేశాడు. మాట తక్కువ. చేతులు మెత్తన. క్లబ్బు యజమానికి అతన్ని చూపించింది యోటాయే.

స్ట్రాటిస్ నల్లపూస నొక్కి మేజర్‌కి సంగతి పంపాడు. కాసేపటికి పూస అరచేతిలో చీమలా కదిలింది. టకటకలు కూడబలుక్కుంటే వచ్చిన జవాబు: "యోటా విచారించింది. మనిషి శుభ్రం."

ఆ సాయంత్రం రిహార్సల్లో యోటా అతని పక్కకొచ్చి నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆమె నవ్వితే ముందు టేబుళ్ళవాళ్ళు పూలబుట్టలు బుట్టలుగా కొని కాళ్ళ దగ్గర కుమ్మరిస్తారు. ఉదయానికి స్టేజీ మీద చీపురుతో ఊడ్వాలి.

"దిగులుగా ఉన్నావ్ స్ట్రాటీ," అంది మెల్లగా. "లాంబిస్ కోసమా? నాకూ ఉంది. పనయ్యాక ఏడుద్దాం."

మాట మంచిదే. కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. అయినా స్ట్రాటిస్‌కి నమ్మకం కుదరలేదు. దేవుడు మనుషుల ముఖాలు ఇంత అందంగా చేసి, లోపలిది చూసే కన్ను మాత్రం మనకెందుకివ్వలేదో అనుకున్నాడు.

*

పదిహేనో తారీకు పొద్దున మరియమ్మ పటాన్ని తెల్ల మల్లెలతో అలంకరించి కొండమీది చర్చి నుంచి కిందికి మోసుకొచ్చారు. రాత్రంతా బార్లలో ఊగినవాళ్ళు కూడా ముఖం కడుక్కుని వచ్చి పటం కిందనుంచి వంగి దాటారు. సాంబ్రాణి పొగ, చెమట, సముద్రపు ఉప్పు కలిసిపోయాయి. వరండాలో పెద్ద రాగి గంగాళాల్లో మేకమాంసం, గోధుమలు ఉడుకుతున్నాయి. మరియా, పనయోటిస్, పనయోటా అని పేరున్న ప్రతివాళ్ళకీ ఈరోజు పేరు పండగ. వీధిలో ఎదురైనవాళ్ళంతా "నూరేళ్ళు బతుకు" అనడం, వాళ్ళు మిఠాయి పళ్ళెం ముందుకు చాపడం. పిలుపులుండవు. పేరుంటే చాలు, గుమ్మం తెరిచే ఉంచాలి.

స్ట్రాటిస్ కొవ్వొత్తి వెలిగించి, లాంబిస్ కోసం ఇంకొకటి వెలిగించాడు. వెనకనుంచి భుజం మీద ఒక దెబ్బ పడింది. మేనత్త మారిగో. చర్చి తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి, ఊళ్ళో కబుర్ల తాళాలు కూడా.

"తిన్నావా లేదా? ఎముకలు కనిపిస్తున్నాయి. ఆ క్లబ్బులో పొగ తిని బతుకుతున్నావా?"

"తింటాను అత్తా."

"ఆ క్లబ్బు మాటంటే గుర్తొచ్చింది. మీ పాటలమ్మాయి యోటా ఉందే, దానికి సిగ్గుందా?"

"ఏం చేసింది?"

"ఏం చెయ్యలేదు, అదే చెప్తున్నా. పనయోటా అని మరియమ్మ పేరు పెట్టుకుంది. పండగ రోజు ఒక్క పళ్ళెం లేదు, ఒక్క బాదం ముక్క లేదు. పోనీ పరాయి ఊరిపిల్ల, ఎవరూ లేరు కదా అని నేనే ప్రసాదం రొట్టె పట్టుకెళ్ళా. నూరేళ్ళు చల్లగా బతుకమ్మా అన్నా. ఏమందో తెలుసా? తెల్లమొహం వేసి, 'ఇవాళెందుకు పిన్నీ, నా పుట్టినరోజు మార్చిలో కదా' అంది. పుట్టినరోజట! చిన్నపిల్లలకి చేస్తారు అవి. ఏం పెంపకమో!"

అత్త ఇంకా ఏదో తిడుతూనే ఉంది. స్ట్రాటిస్‌కి వినపడడం మానేసింది. చేతిలో కొవ్వొత్తి మైనం కారి వేళ్ళ మీద పడినా తెలియలేదు.

యోటా ఫైలు అతను చూశాడు. పుట్టిన పల్లె, తండ్రి పేరు, చదివిన బడి, అన్నీ సరిగానే ఉన్నాయి. పేరుకి పండగ ఎప్పుడో మాత్రం ఏ ఫైల్లోనూ రాయరు. రాయాల్సిన అవసరం ఉండదు గనక. ఈ దేశంలో పనయోటా అని పుట్టి పెరిగిన ఆడపిల్ల తన పుట్టినరోజు మర్చిపోవచ్చు, తండ్రి ముఖం మర్చిపోవచ్చు. ఆగస్టు పదిహేను మర్చిపోదు. మూడేళ్ళ వయసునుంచీ ఆ పూట చేతిలో మిఠాయి పళ్ళెం పెట్టి గుమ్మంలో నిలబెడతారు.

ఈమె ఎక్కడో పరాయి చోట, ఎవరో రాసిచ్చిన కాగితం చదివి యోటా అయింది.

నల్లపూస నొక్కాడు. యోటా సంగతి పంపాడు. జవాబు రావడానికి పది నిమిషాలు పట్టింది.

"మిఠాయి పెట్టలేదని మనిషిని అరెస్టు చెయ్యను. ప్లాన్ మారదు."

మేజర్ చెడ్డవాడు కాడు. ఏథెన్స్‌లో పెద్ద ఇంట్లో, నౌకర్ల చేతుల మీదుగా పెరిగాడు. ఏ గుమ్మంలోనూ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉండడు.

స్ట్రాటిస్ పటం ముందుకెళ్ళి నిలబడ్డాడు. "తల్లీ, నేను పొరపడితే ఒక అమాయకురాలి మీద నింద వేసిన పాపం నాది. పొరపడకపోతే?" పటం ఎప్పటిలాగే అతనికేసి కాక, ఒళ్ళోని బిడ్డకేసి చూస్తోంది.

*

రాత్రి పదకొండున్నరకి ఫానారిలో ఊపిరాడలేదు. కింద రేవు బార్లనుంచి డిస్కో పాటలు గోడల్ని గుద్దుతుంటే, లోపల బుజుకీలు వాటిని తొక్కిపెడుతున్నాయి. ముందు టేబుళ్ళమీంచి కార్నేషన్లు వానలా పడుతున్నాయి. యోటా తెల్లగౌనులో, చేతిలో ఒక్క ఎర్రపువ్వుతో పాడుతోంది. పైన చెక్కగదిలో లైట్ల మనిషి. ఆ గది తలుపు లోపలినుంచి గడియవేసి ఉండడం స్ట్రాటిస్ సాయంత్రమే చూసుకున్నాడు. లాంబిస్ ఏనాడూ గడియ వెయ్యలేదు, ఉక్కపోత భరించలేక.

మూలన టూరిస్టు వేషాల్లో కూర్చున్న ఇద్దరు ఏజెంట్లే అతనికి ధైర్యం. పాటకీ పాటకీ మధ్య స్ట్రాటిస్ వాళ్ళకి చెక్కగది చూపించి కళ్ళతో సైగ చేశాడు. వాళ్ళలో ఒకడు లేవబోయాడు. అంతలో యోటా స్టేజీ దిగి, నవ్వుతూ వాళ్ళ టేబుల్ మీదికి వంగి, చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ గభాల్న లేచి రేవు వైపు పరుగెత్తారు.

తిరిగొస్తూ ఆమె స్ట్రాటిస్ పక్కన ఆగింది.

"రేవు దగ్గర ఏదో కదలిక ఉందట. పంపించాను. నువ్వు వాయించు."

ఇక హాల్లో మిగిలింది అతనొక్కడే. చేతిలో తుపాకీ లేదు. రేకు డబ్బా ఉంది.

అప్పుడు కాప్టెన్ లేచాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు. స్టేజీ దగ్గరికి వచ్చి, "నా పాట, కుంబారే," అన్నాడు.

హాలు హాలంతా మాట ఆపేసింది. మేనల్లుళ్ళు, బెస్తవాళ్ళు నేలచుట్టూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. లైట్లన్నీ ఒక్కొక్కటే ఆరి, కాప్టెన్ చుట్టూ బండిచక్రమంత తెల్లటి గుండ్రం మిగిలింది. ఆ గుండ్రం అతను ఎటు కదిలితే అటు కదులుతోంది. గురి చూసేవాడి కన్నులా ఉంది.

స్ట్రాటిస్ మొదలుపెట్టాడు.

కాప్టెన్ చేతులు చాచి, గాలి మీద బరువు మోపిన ముసలి గద్దలా తిరిగాడు. ఒకటో చరణం. రెండో చరణం. మూడోది 'నీళ్ళకి తలుపులుండవు'. అక్కడ వంగుతాడు. అక్కడ చస్తాడు.

స్ట్రాటిస్ మూడో చరణంలోకి వెళ్ళలేదు. తీగల మీద వెనక్కి వచ్చి, అల్లుకుంటూ పోయాడు. మళ్ళీ గుమ్మం దాకా తెచ్చాడు, మళ్ళీ వెనక్కి మళ్ళించాడు. పక్కన చిన్న వాయిద్యం పట్టుకున్న స్టెలియోస్ గొణిగాడు.

"ఏంట్రా నాయనా, ఇంటికి దారి మర్చిపోయావా?"

"వాయించు."

"ముసలాయన ఊపిరి ఆగిపోతుందిరా!"

నిజమే. కాప్టెన్ నుదుటినుంచి చెమట ధారగా కారుతోంది. ఒక్కో చుట్టుకీ అడుగు బరువెక్కుతోంది. ఒకసారి తలతిప్పి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అర్థంకాని బాధ ఉంది. తమ్ముడి దగ్గరికి వెళ్ళనివ్వవేం, అన్నట్టు. గుంపులో గొణుగుడు మొదలైంది. పరుగెత్తినవాళ్ళు తిరిగొస్తారేమోనని స్ట్రాటిస్ తలుపు వంక చూశాడు. తలుపు కదల్లేదు.

అప్పుడు యోటా మైకు దగ్గరికి జరిగింది. వాయిద్యం కోసం ఆగలేదు. ఎత్తుగా, స్పష్టంగా, తనంతట తనే అందుకుంది:

"నీళ్ళకి తలుపులుండవు..."

పైనున్నవాడికి సైగగా చేతిలో ఎర్రపువ్వు వదిలేసింది.

పువ్వు నేలకి దిగడానికి ఎంతసేపు పడుతుంది? కాప్టెన్ మోకాలు వంగింది. అరచెయ్యి నేలని తాకింది. ఒకటో తాళం.

స్ట్రాటిస్ లేచాడు. ప్రాణం నిలపడం గొప్పదా, మనిషి దుఃఖంలో అడుగుపెట్టకపోవడం గొప్పదా అని ఎవరైనా తాపీగా అడిగి ఉంటే అతను ఒక రాత్రంతా ఆలోచించేవాడు. రెండో తాళం పడింది. బుజుకీని వీపు మీదికి తిప్పుకుని స్టేజీమీంచి దూకి, ముప్పై ఏళ్ళుగా రెండో మనిషి కాలు పడని ఆ వెలుగు గుండ్రంలోకి వెళ్ళి కాప్టెన్ మీద పడ్డాడు.

మూడో తాళం ఎవరూ వెయ్యలేదు.

పైన ఎవరో సీసా మూత తీసినట్టు చిన్న చప్పుడు. బుజుకీ చెక్క పగిలి, పొట్టలో ఉక్కురేకు గంటలా మోగింది. దెబ్బకి స్ట్రాటిస్ పక్కటెముకలు కదిలిపోయాయి. సైలెన్సర్ తుపాకీ అని అతనొక్కడికే తెలుసు. హాలుకి కనిపించింది వేరు: తన కుంబారోస్ ఆటలోకి దూరి, అతన్ని నేలకేసి కొట్టి, వాయిద్యం విరగ్గొట్టినవాడు.

తర్వాత నలభైమంది లేచారు.

"చంపండిరా వీణ్ణి!"

మొదటి గుద్దు కంటి మీద, రెండోది దవడ మీద. కుర్చీలు విరిగాయి. స్ట్రాటిస్ తప్పించుకోలేదు. కాప్టెన్‌ని తన కిందే అదిమిపెట్టి దెబ్బలు తింటూ, లోపల్లోపల దేవుడికి దణ్ణాలు పెట్టుకున్నాడు. నేలంతా జనం నిండిపోయింది. తెల్లటి గుండ్రం అటూ ఇటూ పరుగెత్తింది. నలభై వీపుల కింద కాప్టెన్ ఎక్కడున్నాడో పైవాడికి ఇక దొరకలేదు.

గుండ్రం ఆగిపోయింది. చెక్కగది గడియ తీసిన చప్పుడు. మెట్లమీద పరుగు. సగం మెట్లు దిగేసరికి, రేవునుంచి ఉత్తచేతుల్తో, మోసపోయామని తెలిసి తిరిగొస్తున్న ఇద్దరు టూరిస్టులు ఎదురయ్యారు. లైట్ల మనిషి చేతిలో పొడుగు సంచీ ఉంది. ఈసారి వాళ్ళు ఎవరి మాటా వినలేదు.

*

యోటా వెనక తలుపునుంచి జెట్టీ దాకా వెళ్ళింది. చివర మోటారు పడవ సిద్ధంగా ఉంది. జెట్టీకి అడ్డంగా పుచ్చకాయల లారీ కూడా ఉంది.

"మిఠాయి మాట ఆలస్యంగా బుర్రకెక్కింది," అన్నాడు మేజర్ పిస్తోలు పట్టుకుని. "సాయంత్రం మా వంటావిణ్ణి ఫోన్‌లో అడిగాను. నవ్వింది. ఆ నవ్వు విని బయల్దేరాను."

స్ట్రాటిస్ ఒక కన్ను మూసుకుపోయి, పక్కటెముకలు పట్టుకుని వచ్చేసరికి ఆమె చేతులకి బేడీలున్నాయి. గౌను మీద ఒక్క మరక లేదు.

"ఎక్కడ తప్పాను?" అంది. "రెండేళ్ళు నేర్చుకున్నాను. పాటలు, వంటలు, మొక్కడం, తిట్టడం కూడా."

"పొద్దున నీకు ఎవరో రొట్టె తెచ్చారు. ఎందుకు తెచ్చారో నీకు తెలీలేదు."

ఆమె చాలాసేపు ఆలోచించింది. అప్పటికీ తెలియలేదు.

*

పదహారు పొద్దున ఉత్తరపు గాలి మళ్ళీ లేచింది. స్టీమరు కూత వేసింది. చెరువు నిండితే కప్పలు చేరినట్టు ఊరు ఊరంతా రేవులో గుమిగూడింది, కాప్టెన్‌ని సాగనంపడానికి కొంత, స్ట్రాటిస్ ముఖం చూడడానికి మరికొంత. అతను పక్కనుంచి వెళ్తే జనం మాట మానేసి, వెనక్కి జరిగారు. మారిగో అత్త కూడా తల తిప్పుకుంది.

మేజర్ కాయలు తూస్తూ గొణిగాడు.

"ముఠా వాళ్ళు ఇంకా కొందరు బయటే ఉన్నారు. నువ్వెవరో ఊరికి తెలియకూడదు. క్షమించు. రాత్రి తాగి ఒళ్ళు తెలీక చేశావు, అంతే."

"పండగ రాత్రి తాగి."

"అవును. లాంబిస్ భార్యకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. పనయోటా అని పెడతారట." మేజర్ త్రాసు దించాడు. "ఈసారి అసలైన పనయోటా. ఇంకో మాట. బుజుకీ ముక్కలన్నీ ఏరి ఉంచు. స్టోర్స్‌వాళ్ళు అడుగుతారు."

అప్పుడు కాప్టెన్ పనాయిస్ వచ్చాడు. తెల్లవారుజామున మేజర్ ఆయనకి నిజం చెప్పాడు, చెప్పి నోరు కట్టేశాడు. మేనల్లుళ్ళు పిడికిళ్ళు బిగించి వెనక నిలబడ్డారు. కాప్టెన్ స్ట్రాటిస్ ఎదురుగా, గడ్డం గడ్డానికి తగిలేంత దగ్గరగా ఆగాడు.

"ఆంథి ఎలా ఉంది?" అన్నాడు, పెదవులు కదలకుండా.

"బాగుంది. నిన్ను అడుగుతుంటుంది."

"ఏథెన్స్‌లో చూసొస్తాను. కదలకు."

చెయ్యెత్తి, ఈడ్చి చెంప మీద కొట్టాడు. ఆ చప్పుడుకి జెట్టీ మీది పక్షులు లేచిపోయాయి. జనంలో తృప్తిగా ఒక నిట్టూర్పు వినిపించింది. పరువు నిలబడింది.

"ఇది ఊరి కోసం," అన్నాడు కాప్టెన్ మెల్లగా.

స్ట్రాటిస్ నోట్లో రక్తం మింగాడు. "మరీ ఇంత గట్టిగానా కుంబారే?"

"సగం ఊరి కోసం," అని కాప్టెన్ స్టీమరు మెట్లెక్కాడు. "మిగతా సగం, ఆ మూడో తాళం వెయ్యనివ్వనందుకు."